‘అప్పుల బ్రేకు’ అనాలా, ‘అప్పుకు కళ్లెం’ అనాలా?

జర్మనీ బడ్జెట్ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘షుల్డెన్‌బ్రెమ్జె’ దగ్గర ఆగిపోయాను. 2009లో వాళ్లు రాజ్యాంగంలో రాసుకున్న నియమం పేరది, అక్షరాలా ‘అప్పుల బ్రేకు’. ఆర్థిక వ్యవస్థ ఎగుడుదిగుళ్లను పక్కనపెట్టి చూస్తే, కేంద్ర ప్రభుత్వ లోటు జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. ‘రుణ నిరోధకం’ అని రాసి చదువుకుంటే ఇంకేదో నిరోధకం గుర్తొచ్చి కొట్టేశాను. ‘అప్పుకు కళ్లెం’ బావుంటుందా?

జవాబు: కళ్లెం వద్దండీ. కళ్లెంతో గుర్రాన్ని ఆపడమే కాదు, కావలసిన దారికి తిప్పుకుంటాం కూడా. ఈ నియమానికి తిప్పడం రాదు. రైలుమార్గానికి చేసిన అప్పయినా, జీతాలకు చేసిన అప్పయినా దాని లెక్కలో ఒకటే. బ్రేకే సరైన మాట. ఆ మాటకొస్తే మన సామెతే నయం. ‘అప్పు చేసి పప్పు కూడు’ అని పప్పు కూటినే వెక్కిరించింది గానీ, అప్పు చేసి బావి తవ్వించినవాణ్ని ఏమీ అనలేదు. ఇంకో తమాషా ఉంది. ఆ భాషలో ‘షుల్ట్’ అంటే తప్పు, దోషం. దానికే బహువచనం చేస్తే అప్పులు! మనకు అప్పుకీ తప్పుకీ ఒక్క అక్షరమైనా తేడా ఉంది.

మరో జవాబు: నన్నడిగితే ఇక్కడ అసలు మాట బ్రేకు కాదు, ‘నిమిత్తం’. ప్రోనోటు ఎప్పుడైనా చూశారా? ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం మీ వద్ద ఈ దినము రొక్కముగా పుచ్చుకున్నది’ అని ఉంటుంది. మా ఊళ్లో బోరుకు తెచ్చినా, పెళ్లికి తెచ్చినా అదే వాక్యం. ఆ డబ్బు దేనికి వాడావని తర్వాత ఎవరూ అడగరు. జర్మనీలో అడిగారు. ఆపద వస్తే బ్రేకు వదలొచ్చని ఆ నియమంలోనే ఉంది. అలా కరోనా నిమిత్తం అనుమతించిన అప్పులో వాడకుండా మిగిలిన 6,000 కోట్ల యూరోలను వాతావరణ నిధికి మళ్లించారు. ఇది చెల్లదని 2023 నవంబరు 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. నెల తిరిగేసరికి ఆ నిధి నుంచే ఇస్తున్న విద్యుత్ కార్ల సబ్సిడీకి గండి పడింది. శనివారం ప్రకటించారు, ఆదివారంతో దరఖాస్తులు బంద్. మామూలు రోజుల్లో దేనికని అడగని నియమం, ఆపద పేరు చెప్పేసరికి మాత్రం నిమిత్తం చూపించమంది!

అడిగినామె: మరి 2025 మార్చిలో రాజ్యాంగం సవరించి, బ్రేకు లెక్కలోకి రాకుండా 50,000 కోట్ల యూరోల నిధి పెట్టారు కదా. అందులో 10,000 కోట్లు వాతావరణ నిధికే. దాన్ని ‘చేబదులు’ అనొచ్చా?

జవాబు: చేబదులుకు కాగితం ఉండదమ్మా. దీన్ని ఏకంగా రాజ్యాంగంలోనే రాశారు. వాళ్లు పెట్టిన పేరు ‘జోండర్‌ఫెర్‌మ్యోగెన్’. అక్షరాలా చూస్తే ‘ప్రత్యేక ఆస్తి’. ఉన్నదంతా అప్పే!

అడిగినామె: సరేనండీ, ‘అప్పుల బ్రేకు’ ఖాయం చేస్తున్నాను. ఆ ‘ఆస్తి’కి మాత్రం ఫుట్‌నోట్ పెట్టక తప్పేలా లేదు.