మోటుపల్లికి కావాల్సింది రిసార్టులా, మ్యూజియమా?

శాసనాలపిచ్చి (చర్చ మొదలుపెట్టినవారు)

ఓడరేవు బీచ్ నిండిపోయింది, రామాపురం బీచ్ నిండిపోయింది. ఆదివారం చీరాల వైపు వెళ్తే కారు ఆపుకోవడానికి చోటు దొరకదు. ఇప్పుడు అందరి చూపూ మోటుపల్లి మీద పడింది. "ఎవరికీ తెలియని బీచ్" అంటూ వీడియోలు పెడుతున్నారు. తెలియనిది వాళ్ళకి!

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఈ చిన్న ఊరు కాకతీయుల కాలంలో పెద్ద రేవు. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అదంతా రాజుదే. బంగారమైనా, ఏనుగులైనా, గుర్రాలైనా పట్టుకుపోయేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి ఎత్తేశాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసినవాళ్ళకి, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని చెక్కించాడు. సుంకం ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, మిరియాలు, ఇలా సరుకుల వారీగా లెక్క కూడా రాయించాడు. నూట పద్నాలుగేళ్ళ తర్వాత, 1358లో, కొండవీటి అనపోతారెడ్డి ఇదే ఊళ్ళో వర్తకులకి రాయితీలిస్తూ మరో శాసనం వేయించాడు.

ఇంత చరిత్ర పెట్టుకుని, ఈ ఊరికి కావాల్సింది రిసార్టులా? ముందు గుడి దగ్గర చిన్న మ్యూజియం కట్టండి, శాసనం మాటలు తేలిక తెలుగులో బోర్డు మీద రాయించండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

బీచ్‌బాబు

అన్నా, శాసనం చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఎవరొస్తారు? మీలాంటి పదిమంది వస్తారు, ఫొటో తీసుకుని సాయంత్రం ట్రైన్‌కి వెళ్ళిపోతారు. ఊళ్ళో టీ కూడా తాగరు. అదే రూములుంటే ఫ్యామిలీ రెండు రోజులుంటుంది, చేపలు కొంటుంది, ఆటో ఎక్కుతుంది. చినగంజాం ఉప్పుమళ్ళలో ఎండకి మాడిపోయే ఆడవాళ్ళకి నీడపట్టున పని దొరికితే తప్పేంటి? చరిత్ర గొప్పదే, కాదనను. కడుపు నింపదు కదా.

పాలెంకుర్రోడు

మాది ఈ తీరంలోనే జాలర్ల పాలెం. రెండు వైపులవాళ్ళూ ఇసక ఖాళీగా పడి ఉందనుకుంటున్నారు. అసలు గొడవంతా అక్కడే.

అలివి వల లాగడం చూశారా ఎప్పుడైనా? పడవ ఒక కొస తాడు ఒడ్డున వదిలి, సముద్రంలోకి వెళ్ళి, వల విడుచుకుంటూ చుట్టు తిరిగి, రెండో కొస ఇంకోచోటికి తెస్తుంది. రెండు కొసల దగ్గరా జనం నిలబడి గంటల తరబడి లాగుతారు. వల దగ్గరపడేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తాయి. అంత దూరం ఒడ్డు ఖాళీగా ఉండాలి. మధ్యలో గొడుగులు, కుర్చీలు వేస్తే తాడు ఎటు పోవాలి? వల తీశాక నెత్తళ్ళు ఆరబోసేదీ ఆ ఇసక మీదే. టూరిస్టులొస్తే ముందు వచ్చే కంప్లయింట్ కంపు గురించే. ఆ కంపే మా కూడు.

సందేహరావు

శాసనాల గారూ, ఒక మనవి. మ్యూజియం కడితే మార్కోపోలో బొమ్మ మాత్రం గుమ్మంలో పెట్టకండి. ఆయన రాసిన "ముత్‌ఫిలి" మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు, సరే. సాలెగూడంత సన్నటి బట్టల గురించి రాశాడు, అదీ బాగుంది. కానీ అక్కడ భర్త పోయాక నలభై ఏళ్ళు ఏలిన రాణి ఉందన్నాడే, ఆ రాణి రుద్రమదేవి అనుకుంటే, ఆమె గణపతిదేవుడికి కూతురు, భార్య కాదు. చందుపట్ల శాసనం ప్రకారం 1289లోనే కన్నుమూసింది. ఆయన దక్షిణాదికి వచ్చింది ఆ తర్వాతే. ఇక లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయన్న కథ సరేసరి. అసలు ఒడ్డున దిగాడో, విన్నది రాశాడో తేలలేదు. మన దగ్గర రాతి మీద రాసింది ఉండగా, గాలి కబుర్లకి పెద్దపీట ఎందుకు?

శాసనాలపిచ్చి

ఒప్పుకుంటాను, బొమ్మ వద్దు. ఒక మూల చిన్న పలక చాలు, ఈ అనుమానాలతో సహా. చైనా పింగాణీ పెంకులు దొరికిన ఊరు ఇది, చూపించడానికి సరుక్కి కొదవలేదు.

బీచ్‌బాబు తమ్ముడూ, గుడి ఉన్నది ఊళ్ళో, ఒడ్డున కాదు. సముద్రం ఇప్పుడు ఊరికి ఎడంగా ఉంది. జనం గుడి దగ్గర ఆగితే టీకొట్టు, భోజనం, ఆటో అన్నీ ఊళ్ళోనే నడుస్తాయి. రిసార్టు గేటు లోపలికి వెళ్ళిన ఫ్యామిలీ మళ్ళీ సోమవారం దాకా బయటికి రాదు. గుడి దగ్గర మ్యూజియమైతే పాలెం తమ్ముడు చెప్పిన వల తాడుకీ అడ్డు రాదు.

నిబంధనలనాని

ఒడ్డు మీద ఇష్టమొచ్చినట్టు కట్టడం కుదరదండి. 2019 తీరప్రాంత నోటిఫికేషన్ ప్రకారం, 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మంది కన్నా తక్కువ ఉన్న పల్లె ప్రాంతాల్లో పోటు గీత (పోటుకి నీళ్ళు చేరే హద్దు) నుంచి 200 మీటర్లు కట్టడాలకి నిషిద్ధం. అంతకన్నా జనసాంద్రత ఉంటే 50 మీటర్లే. అయితే షెడ్లు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల్లాంటి తాత్కాలిక ఏర్పాట్లకి షరతులతో దారి ఉంది. ముప్పొచ్చేది అటునుంచే. ముందు తాటాకు షెడ్డు వస్తుంది, తర్వాత దానికి సిమెంటు గచ్చు, ఆ తర్వాత చుట్టూ కంచె. "తాత్కాలికం" మన దగ్గర ఎన్నాళ్ళు ఉంటుందో అందరికీ తెలుసు.

బీచ్‌బాబు

సరే, 200 మీటర్లు వదిలేసే కడదాం. ఎవరు కాదన్నారు? నేను అడిగేది వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకి వేట నిషేధం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలు చేశారు. దాంతో రెండు నెలలు ఇల్లు నడుస్తుందా? సరిగ్గా అప్పుడే ఎండాకాలం సెలవులు, జనం బీచ్‌కి వచ్చే సీజన్. పాలెం బ్రదర్, దీనికి సమాధానం చెప్పు.

పాలెంకుర్రోడు

మంచి ప్రశ్న, తప్పించుకోను. ఆ రెండు నెలలు మా కుర్రాళ్ళు పనికోసం ఊరు విడిచి పోతారు, నిజమే. టూరిస్టులొస్తే మేమూ సంపాదించుకుంటాం. కానీ ఏ పని? రిసార్టులో గేటు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడే పని ఇస్తే, జూన్ పదిహేనున వేట మొదలవగానే సెలవిస్తారా?

మా షరతులు ఇవి. ఒడ్డున ఈతగాళ్ళ ఉద్యోగాలు పాలెం వాళ్ళకే, జీతం ఏడాది పొడుగునా. ఈ తీరంలో సెలవురోజుల్లో మునిగిపోయినవాళ్ళని వెతకడానికి ముందు పిలిచేది మమ్మల్నే, అదీ ఊరికే. బండ్లు ఇసక మీదికి రాకూడదు, ఊళ్ళోనే ఆపాలి. జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, రాత్రి లైట్లు, డీజేలు బంద్. వల లాగే చోటు హద్దులు కాగితం మీద రాసి, పంచాయతీలో అతికించాలి. గణపతిదేవుడు సుంకం ఎంతో ముందే రాయికెక్కించాడు కాబట్టే ఓడలవాళ్ళు నమ్మి వచ్చారంటున్నారుగా. మాకు రాయి అక్కర్లేదు, స్టాంపు పడిన కాగితం చాలు.

సందేహరావు

ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి? పంచాయతీయా, మత్స్యశాఖా, పర్యాటక శాఖా? నాని గారూ, ఇది మీరే చెప్పాలి.