శ్రీరామనవమి సినిమా: రెండుంబావు గంటలూ పూర్తిగా వేద్దాం

ప్రోగ్రామ్ టీమ్ (ఈ నెలంతా బుచ్చిరెడ్డిపాళెంలో):

అందరికీ నమస్కారం. నిన్న కాల్ మధ్యలో ఇక్కడ కరెంటు పోయింది, అసలు విషయం చెప్పకుండానే లైన్ తెగిపోయింది. అందుకే రాస్తున్నాను.

డాలస్‌లో మన నవమి ప్రోగ్రామ్‌కి ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ అనే యానిమేషన్ సినిమా వేద్దామని అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా నిడివి దగ్గరే. మొత్తం 135 నిమిషాలు. దాన్ని 40 నిమిషాలకు కుదించి డాన్సుల మధ్యలో వేద్దామంటే మాత్రం నాకు మనసొప్పడం లేదు.

మనలో చాలామందిమి దీన్ని వేసవి సెలవుల్లో, టీవీలో, హిందీలో చూశాం. నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లలం, అప్పట్లో మనకు హిందీ ఎంత వచ్చని! అయినా లేచి పోలేదు. కథ అవ్వ దగ్గర, రామాలయం భజనల్లో ఎప్పుడో వినేశాం కాబట్టి మాటలు వదిలేసి బొమ్మనే చూశాం. జటాయువు నేల కూలితే ఏడవడానికి హిందీ ఎందుకు? కానీ ఆ ఘట్టం ఒక్కటే కోసి వేస్తే అదొక ఫైట్ సీన్ అవుతుంది. అంతకుముందు అడవిలో ఆ ముగ్గురూ ఎంత సుఖంగా ఉన్నారో చూసిన పిల్లవాడికే గొంతులో అడ్డం పడుతుంది. మనం కోసేద్దామంటున్నది సరిగ్గా ఆ నెమ్మదైన భాగాన్నే.

ఈ సినిమా తీయాలని పట్టుబట్టినాయన యుగో సాకో, జపాన్ వ్యక్తి. 1983లో మన దేశంలో పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ పనికి వచ్చి రామాయణంలో పడిపోయారు. విదేశీయుడు రాముణ్ణి కార్టూన్ చేయడమేమిటని ఇక్కడ అభ్యంతరాలొచ్చాయి. చివరికి మన యానిమేటర్ రామ్ మోహన్, జపాన్ నుంచి కోయిచి ససాకి కూడా దర్శకులుగా కలిసి, 1992 నాటికి పూర్తయింది. దాదాపు 450 మంది కళాకారులు, లక్షకు దగ్గరగా చేతితో వేసిన బొమ్మలు. ఇక్కడ థియేటర్లలో ఘనంగా, తెలుగు డబ్బింగ్‌తో సహా విడుదలైంది 2025 జనవరి 24న. సాకో 2012లోనే పోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మొన్న మన జిల్లాలోనే తోలుబొమ్మలు చేసే ఒక కుటుంబం దగ్గరికి వెళ్ళాను. శుభ్రం చేసి గీకిన మేకతోలు, వేలితో తడితే టకటకమంటోంది. ఆ పెద్దాయన సన్న ఉలితో హనుమంతుడి కిరీటానికి చుక్కలు చుక్కలుగా రంధ్రాలు కొడుతున్నారు. రెండు పక్కలా రంగేసి దీపం ముందు పెడితే ఆ రంధ్రాలే నగలై మెరిశాయి. సాకో సినిమాలో ఒక్కో బొమ్మా పారదర్శకమైన షీటు మీద గీసి, వెనక వైపు రంగులు నింపినదే. అందుకే మన కళ్ళకు అది పరాయి బొమ్మలా అనిపించలేదని నా నమ్మకం. నాలుగు చిన్న బొమ్మలు తెస్తాను, హాలు గుమ్మం దగ్గర లైటు పెట్టి చూపిద్దాం.

హాల్, ఆడియో:

అక్కా, పూర్తి సినిమాకి నాకు అభ్యంతరం లేదు. కానీ తెలుగులోనా? రావణుడికి అమ్రీష్ పురి గొంతు లేకపోతే ఎట్లా? ఆ గొంతు కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఇంకోటి, మా వాడికి ఏడేళ్ళు. రీల్స్ అలవాటైన పిల్లలు రెండుంబావు గంటలు కూర్చుంటారా?

పిల్లల టీమ్:

కూర్చుంటారు అన్నా. పోయిన నెల మా ఇంట్లో అపార్ట్‌మెంట్ పిల్లలకి వేశాను. కుంభకర్ణుణ్ణి లేపే పాట్లు చూసి పడీపడీ నవ్వారు. ఆయన యుద్ధానికి బయల్దేరేసరికి ఒక పాప నా దగ్గరికొచ్చి, “ఆంటీ, నిద్రపోయేవాణ్ణి లేపి ఎందుకు పంపించారు?” అంది. ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోన్ చేసింది, ఇంకా అదే అడుగుతోందట. 40 నిమిషాల ముక్కల్లో ఆ ప్రశ్న పుట్టదు.

ఫుడ్ టీమ్:

పానకం, వడపప్పు మాకొదిలేయండి. సినిమా అయ్యాక కారం దోసె. ఇంటర్వెల్ ఎక్కడో చెప్తే చాలు.

ప్రోగ్రామ్ టీమ్:

ఇంటర్వెల్ హనుమంతుడు సముద్రం దాటబోయే ముందు ఇద్దాం. అక్కడ ఆపితే పిల్లలు పానకం గ్లాసు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళకి కుర్చీలు వద్దు, స్క్రీన్ ముందు చాపలు పరుద్దాం. పడుకుని చూసినా పరవాలేదు, మనం చూసింది అట్లానే కదా.

భాష సంగతి. తమ్ముడూ, అమ్రీష్ పురి గొంతు అంటే నాకూ ప్రాణమే. హిందీలో అరుణ్ గోవిల్ రాముడు, శత్రుఘ్న సిన్హా వ్యాఖ్యానం, అన్నీ గుర్తున్నాయి. కానీ మనవళ్ళను చూసుకోవడానికి వచ్చి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండిపోయే మన అమ్మానాన్నలు ఆ రోజు హాలుకి వస్తారు. పక్కన కూర్చున్న మనవడికి వాళ్ళు కథ చెప్పగలగాలి. అందుకని తెలుగే. పిల్లల కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ దొరుకుతాయేమో కనుక్కుంటాను.

పర్మిషన్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. టికెట్ పెట్టకపోయినా పబ్లిక్‌గా వేయాలంటే హక్కులున్నవాళ్ళ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. 2025లో ఇక్కడ విడుదల చేసిన గీక్ పిక్చర్స్ వాళ్ళకి నేను లెటర్ రాస్తాను. అది రాకుండా ఫ్లయర్ మీద సినిమా పేరు వేయొద్దు.

ఇక్కడ కోదండరామస్వామి గుడిలో బ్రహ్మోత్సవాల పనులు మొదలయ్యాయి, ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. హాలులో ఎన్ని సీట్లో ఆడియో తమ్ముడు, పొద్దున స్లాట్ కావాలో లేదో డాన్స్ టీమ్ శుక్రవారం లోపు చెప్పండి. లెటర్‌లో ఆ రెండూ రాయాలి.