ఆల్ప్ దుయెజ్ దారి పొడవునా బారికేడ్లు కట్టాలా? చూసేవాళ్లకి టికెట్ పెట్టాలా?

కొండదారి కిట్టు:
2026 జులై 24, 25 తేదీలు క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి పెట్టుకున్నా. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఈసారి రెండు రోజులు వరసగా ఆల్ప్స్‌లోని ఆల్ప్ దుయెజ్ కొండ మీదే ముగుస్తోంది. శుక్రవారం గాప్ నుంచి వచ్చి, అందరికీ తెలిసిన 21 మలుపుల దారిలో ఎక్కుతారు. శనివారం కొండ కింద ఉన్న బూర్ ద్వాజాన్‌లో బయల్దేరి, క్రోవా ద ఫెర్, గాలిబియె దాటి, వెనకవైపు సారెన్ కనుమ మీదుగా మళ్లీ అక్కడికే వస్తారు. మర్నాడు పారిస్. మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ పంచాయితీ అంతవరకూ సాగితే ఇక్కడే తేలిపోవాలి. మ్యూనిక్ నుంచి మేం నలుగురం వెళ్తున్నాం. క్యాంపర్ వ్యాన్ మాట్లాడుకున్నాం, సెలవులు పెట్టేశాం. పొగాచర్ ఏ మలుపులో ఎటాక్‌కి లేస్తాడు, అతని పోటీదారు వింగెగార్ ఎన్ని మలుపులు వెంట పట్టుకుంటాడు అని పందేలు కూడా అయిపోయాయి.

కానీ మాలో మాకే ఒక గొడవ తెగట్లేదు. 2018లో ఇదే కొండ మీద ఇటలీ రైడర్ నీబలి పడిపోయాడు గుర్తుందా? ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనగా, బారికేడ్లు లేనిచోట, ఎవరిదో కెమెరా పట్టీ హ్యాండిల్‌కి తగులుకుంది. లేచి మళ్లీ తొక్కి, గెలిచిన గెరాంట్ థామస్ కంటే 13 సెకన్ల వెనక చేరాడు. తర్వాత ఆస్పత్రిలో చూస్తే వెన్నుపూస విరిగింది. అక్కడితో అతని టూర్ అయిపోయింది. అందుకే నేనంటాను, కింది నుంచి పై దాకా బారికేడ్లు కట్టండి, ఆ ఖర్చుకి టికెట్ పెట్టండి. 20 యూరోలైనా ఇస్తా. మీరేమంటారు?

చైన్ జారింది:
టికెట్ పెట్టిన రోజున నేను టూర్ చూడటం మానేస్తా. 1903 నుంచి రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూసే ఆట ఇది ఒక్కటే మిగిలింది, దీన్నీ వదలరా?

కిట్టు:
మానేస్తానంటారు గానీ మానరు సార్, జులై వస్తే మొదటి పోస్టు మీదే.

లియోన్ లలిత:
కిట్టు గారూ, ఇదివరకు ఆ కొండ మీద నిలబడ్డారా, లేక టీవీలో చూసి చెబుతున్నారా? తప్పు పట్టడం కాదు. టీవీలో కనిపించేది వేరు, అక్కడ జరిగేది వేరు.

రైడర్లు వచ్చేది సాయంత్రం. మనం పొద్దున్నే వెళ్లి కూర్చుంటాం, వ్యాన్ల వాళ్లయితే చాలా రోజుల ముందే వచ్చి రోడ్డు వారగా చోటు పట్టేస్తారు. రైడర్ల కంటే సుమారు రెండు గంటల ముందు ప్రచార వాహనాల ఊరేగింపు వస్తుంది. టోపీలు, కీచెయిన్లు, వేలెడంత సాసేజ్ పొట్లాలు విసురుకుంటూ పోతుంటారు. మంచి ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు పిల్లల చేతుల కింద నుంచి ఆ టోపీ లాక్కోవడం నా కళ్లతో చూశాను. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఎవరి ఫోన్‌లోనో రేసు నడుస్తుంటుంది, చుట్టూ పది తలకాయలు. అప్పుడు కింద లోయలోంచి హెలికాప్టర్ చప్పుడు. ఆ చప్పుడు మన ఎత్తుకి వచ్చిందంటే వాళ్లు రెండు మూడు మలుపుల కింద ఉన్నట్టు.

ఆ తర్వాత పోలీసు మోటార్ సైకిళ్లు, రేసు డైరెక్టర్ ఎర్ర కారు. అంతవరకూ రోడ్డు కనపడకుండా నిండిన జనం ఆ కారు ముందు రెండుగా చీలతారు, అది దాటగానే మళ్లీ దగ్గరకొస్తారు. ఆ సందులోంచే మొదటివాడు వస్తాడు. సగటున 8 శాతానికి పైన వాలున్న ఎక్కుడు, అయినా గంటకి 20 కిలోమీటర్లకి తగ్గడు. చెయ్యి చాపితే తగిలేంత దూరం. నల్ల నిక్కరు మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు చారలు, నోరు తెరుచుకుని ఉంటుంది, కళ్లు మనల్ని చూడవు. మూడు సెకన్లు, అంతే.

అసలు చూడాల్సింది దాని తర్వాత. అరగంట ఆగితే గ్రుపెట్టో వస్తుంది, అంటే స్ప్రింటర్లు, టీమ్ నాయకుడి కోసం తొక్కే పనివాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు, టైమ్ కటాఫ్ దాటకుండా ఉంటే చాలనుకునే గుంపు. వాళ్లు మనల్ని చూస్తారు, నవ్వుతారు, కొందరు నీళ్ల సీసా ఇచ్చి వెళ్తారు. బారికేడ్ వెనక నుంచి ఇదంతా కుదరదు. బారికేడ్ల మధ్య రేసు చూడాలంటే ఏ ఊళ్లో ఫినిష్ లైన్‌కైనా వెళ్లొచ్చు, దానికి కొండ దాకా ఎందుకు?

సెకను లెక్క:
లలిత గారు రాసింది చదివితే నాకూ వెళ్లాలనిపించింది. కానీ మీ వాదనలోనే చిక్కుంది చూడండి. "చెయ్యి చాపితే తగిలేంత దూరం" అన్నారు. లక్షల మందిలో చెయ్యి చాపేవాడు ఒక్కడుంటే చాలు.

2024 ఆగస్టు 18న మహిళల టూర్ చివరి రోజు ఇదే ఆల్ప్ దుయెజ్. ఆ రోజు డెమి వోలరింగ్ గెలిచింది. మొత్తం టూర్ మాత్రం కాషా నెవియాదోమాది. తేడా 4 సెకన్లు. ఎవడో జెండా పట్టుకుని పక్కన పరిగెత్తి కాషా సైకిల్‌ని ఒక్కసారి వంకర తిప్పించి ఉంటే ఆ 4 సెకన్లు ఎక్కడికి పోయేవి? అలా జరగలేదు కాబట్టి సరిపోయింది అంటారా?

మడ్‌గార్డ్ లేదు:
జనం మీద పడ్డారు గానీ, మోటార్ సైకిళ్ల సంగతేంటి? 2023లో జూ ప్లాన్ కొండ మీద పొగాచర్ ఎటాక్ చేస్తే ముందు ఫొటో, టీవీ మోటార్ సైకిళ్లు అడ్డం. ఎటాక్ ఆపేశాడు. అది చేసింది ప్రేక్షకుడు కాదు, ప్రెస్ పాస్ ఉన్నవాడు. 2016లో వాంతూ కొండ మీద ఫ్రూమ్, పోర్ట్, మొలెమా ముగ్గురూ గుద్దుకున్నది కూడా మోటార్ సైకిల్‌కే. పసుపు జెర్సీలో ఉన్న ఫ్రూమ్ సైకిల్ విరిగి, పెడల్‌కి బిగించుకునే క్లీట్ షూలతోనే కొండ మీదకి పరిగెత్తాడు. ముందు వాటి సంఖ్య తగ్గించండి, తర్వాత మన దగ్గరకి రండి.

సెకను లెక్క:
వాంతూలో ఆ మోటార్ సైకిల్ ఎందుకాగింది? జనం దారి ఇవ్వక. ఆ ముక్క వదిలేసి చెబితే ఎలా?

మడ్‌గార్డ్ లేదు:
జనం అక్కడ ఎందుకు అంత కుక్కుకుపోయారు? అదీ చెప్పండి మరి. శిఖరం మీద గాలి భరించలేనంతగా ఉందని ఫినిష్‌ని ముందురోజు ఆరు కిలోమీటర్లు కిందికి, షలె రేనార్ దగ్గరికి దించారు. పైన పరుచుకోవాల్సిన జనమంతా కిందకొచ్చారు. పైగా జులై 14, ఫ్రాన్స్‌లో జాతీయ సెలవు. బారికేడ్లు చాలినన్ని సర్దడానికి టైమ్ లేదు. అంటే తప్పు ఏర్పాట్లది.

కాజీపేట్ క్రాంక్:
అన్నా, టికెట్ పెడితె తోపులాట తగ్గుతదని ఎవరు జెప్పిన్రు మీకు? తిరుమలల మూడొందల టికెట్ కొన్నోళ్ల లైన్ల నిలవడి సూడు ఒకపారి. పైసలిచ్చినోడు "నేను కొన్న, నాకు దగ్గరికెల్లి గావాలె" అని ఇంక గట్టిగ నూకుతడు. ఊకె వచ్చినోడన్న కొంచెం సిగ్గుపడ్తడు.

ఇంకోటి. కిట్టు అన్న 20 యూరోలు ఇస్తనంటుండు. మంచిదే. గా పైసలు ఎవలికి వోతయి? టూర్ టీవీ హక్కుల పైసలు ఇప్పటికే నిర్వాహకులకే వోతున్నయి, టీములకు అండ్లకెల్లి వాటా లేదు. టీములు బతికేది స్పాన్సర్ మీద. స్పాన్సర్ పోతె టీమే మూత. గిప్పుడు టికెట్ పైసలు గూడ వాళ్ల జేబులకే పోతె రైడర్‌కు ఏం ఒరిగింది?

కిట్టు:
ఇది మంచి పాయింట్ అన్నా. కానీ బెల్జియంలో సైక్లోక్రాస్‌కి గేటు దగ్గర టికెట్ తీసుకునే లోపలికి పంపుతారు. ఎవరూ గొడవ చెయ్యరు, ఫ్రైస్ తింటూ హాయిగా చూస్తారు.

లియోన్ లలిత:
సైక్లోక్రాస్ అంటే రెండు మూడు కిలోమీటర్ల చుట్టు, ఒక పొలంలో. చుట్టూ తాడు కడితే అయిపోయింది. ఆల్ప్ దుయెజ్ దారి 13.8 కిలోమీటర్లు. రెండు వైపులా కడితే 27 కిలోమీటర్లు దాటే బారికేడ్లు. ఒకవైపు కొండ గోడ, ఇంకోవైపు లోయ. వాటికీ బారికేడ్‌కీ మధ్య మనిషి నిలబడే జాగా కూడా లేని చోట్లు బోలెడు. ఎవరికైనా గుండె నొప్పి వస్తే బయటికి తేవడం ఎట్లా? ఆ రోడ్డు సర్కారుది, మధ్యలో ఊళ్లున్నాయి. అక్కడ కాపురం ఉండే ముసలమ్మ తన ఇంటి ముందు నిలబడటానికీ టికెట్ కొనాలా?

అన్నట్టు టికెట్ లేకపోయినా డబ్బున్నవాళ్లకి దారులున్నాయి. బెల్జియంలో ఫ్లాండర్స్ రేసులో ఔదె క్వారెమోంట్ గుట్ట పక్కన వీఐపీ టెంట్లు చూడండి. లోపల షాంపేన్, బయట బురద. రోడ్డు అంచు మాత్రం ఇంకా అందరిదీ.

అలాగని బారికేడ్ ఉంటే చాలు, ప్రమాదం ఉండదని కూడా అనుకోకండి. 2020లో పోలండ్ టూర్‌లో యాకబ్‌సెన్ పడింది బారికేడ్ల మీదే. అవి చెదిరిపోయాయి. మనిషి బతికాడు, అదే గొప్ప.

సెకను లెక్క:
అది స్ప్రింట్ అండీ. దిగుడు మీద గంటకి 80 దాకా పోతున్న ఫినిష్. ఎక్కుడుతో దానికి పోలికేంటి?

లియోన్ లలిత:
పోలిక వేగానికి కాదు. నాసిరకంగా కడితే బారికేడే ప్రమాదం అవుతుందని అంటున్నా. 27 కిలోమీటర్లు కట్టమంటే నాసిరకంగానే కడతారు.

పాత పెడల్:
ఇంతమంది రాశారు, ఒక్కరూ పుయ్ ద డోమ్ కొండ ఊసు ఎత్తలేదు. మీరు కోరుకునేది 2023లో చేసి చూపించారు కదా. పైభాగం రక్షిత ప్రాంతం కాబట్టి చివరి నాలుగు కిలోమీటర్లకి ప్రేక్షకుల్ని రానివ్వలేదు. మైఖేల్ వుడ్స్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి గెలిచాడు, వెనక పొగాచర్ వింగెగార్‌ని విడిచిపెట్టి 8 సెకన్లు లాగాడు. రేసు అదిరింది. కానీ టీవీలో గేర్ మారిన చప్పుడు కూడా వినపడుతుంటే నాకు ఏదో ప్రాక్టీసు చూస్తున్నట్టే ఉంది. తమాషా ఏంటంటే, 1975లో పసుపు జెర్సీలో ఉన్న మెర్క్స్‌ని ప్రేక్షకుడు పొట్టలో గుద్దింది ఆ కొండ మీదే. ఆ ఏడాది టూర్ తెవెనే చేతికి పోయింది.

నా వోటు బారికేడ్లకీ కాదు, టికెట్‌కీ కాదు, జరిమానాకి. 2021 టూర్‌లో మొదటి రోజే ఒకామె తాతకీ బామ్మకీ పలకరింపు రాసిన అట్టముక్క కెమెరాకి చూపించబోయి టోనీ మార్టిన్‌కి అడ్డం పెట్టింది, పెలోటాన్, అంటే రైడర్ల పెద్ద గుంపు, సగం నేలమీద. కోర్టు 1,200 యూరోలు వేసింది. సరిపోతుందా?

సెకను లెక్క:
సరిపోలేదనే కదా! రెండేళ్లకే, 2023లో, ఒకడు సెల్ఫీకి చెయ్యి చాపి సెప్ కుస్‌ని తగిలాడు, వెనకున్నవాళ్లు కుప్పగా పడ్డారు. 2024లో ప్లా దాదె ఎక్కుతుంటే పొగాచర్ మీద చిప్స్ విసిరాడొకడు. 2025 పారిస్-రూబే రేసులో వాన్ డెర్ పోల్ మొహానికి సీసా. జరిమానా సంగతి వీళ్లెవరికైనా తెలుసంటారా?

కాజీపేట్ క్రాంక్:
చిప్స్ ఇసిరేటోడికి జరిమానా గుర్తుండదన్నా, పొద్దుగాల్లకెల్లి ఏం తాగిండో గదే గుర్తుండదు. రంగు పొగ డబ్బాలు, గ్లాసులల్ల బీరు, గివి రెండు కొండ కిందనే ఆపితె సగం లొల్లి ఖతం. దానికి టికెట్ ఎందుకు, సంచి సూస్తె సాలు.

పాత పెడల్:
దీనికి నేనూ ఒప్పుకుంటా. 2018లో నీబలి పడినప్పుడు కూడా ఆ దారంతా పొగే.

కిట్టు:
సరే, అంతా విన్నాను. టికెట్ డబ్బు టీములకి పోదంటే నాకూ 20 యూరోలు ఇవ్వాలని లేదు. బారికేడ్ల మీద మాత్రం తగ్గను. మొత్తం వద్దు, కానీ జనం బాగా ఇరుక్కునే చోట్ల, మలుపు లోపలివైపు, కనీసం ఒక పక్కన కట్టాలి. ఇప్పుడు పైన ఊరి దగ్గర ఎలాగూ కడుతున్నారు, ఇంకాస్త కిందికి తెస్తే పోయేదేముంది?

మడ్‌గార్డ్ లేదు:
మోటార్ సైకిళ్లు సగం చేస్తే నేను దానికి ఓకే.

లియోన్ లలిత:
ఒక పక్కన అంటే ఆలోచించొచ్చు. ఎదుటి పక్కనైనా నిలబడి చూస్తాం. కానీ అందరికంటే ఎక్కువ ఇరుక్కునేది ఏడో మలుపులో కదా. 1976 నుంచి 1989 మధ్య డచ్ రైడర్లు ఎనిమిది సార్లు ఇక్కడ గెలిచారు, అప్పట్నుంచి ఆ మలుపు వాళ్ల సొంతమైపోయింది. నారింజ రంగు తప్ప రోడ్డు కనపడదు, పాటలు రాత్రంతా ఆగవు. శుక్రవారం పొద్దున అక్కడికి బారికేడ్లు మోసుకెళ్లే పని ఎవరికి పడుతుందో గానీ, వాళ్లకి మాత్రం నిర్వాహకులు రెట్టింపు జీతం ఇవ్వాలి.