బికోల్ వాళ్ళ కోపపు మాటలు: తిట్లా, కాదా?

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవికి ఆగ్నేయపు కొసన, మయోన్ అగ్నిపర్వతం ఉన్న ప్రాంతం బికోల్ జనానిది. వాళ్ళ భాషలో కోపానికి వేరే పదాలే ఉన్నాయి. నీళ్ళు మామూలుగా 'తుబిగ్', ఒళ్ళు మండితే 'కలిగ్తోక్'. చెయ్యి 'కమోత్', కోపంలో 'కముల్మోగ్'. తల 'పాయో' కాస్తా 'అలింతక్' అవుతుంది. పిల్లి 'ఇకోస్', అదే కూరలో మూతి పెట్టిందనుకోండి, 'కురస్మగ్'!

అర్థం మారదు, బూతు లేదు. అందుకే వీటిని తిట్లు అనబుద్ధి కావడం లేదు. పోనీ ఈకాలపు కుర్రాళ్ళ సృష్టా అంటే అదీ కాదు. మార్కోస్ దె లిస్బోవా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 17వ శతాబ్దం మొదట్లో కూర్చిన బికోల్ నిఘంటువులో (అచ్చయింది 1754లో) కొన్ని పదాలు కోపంలో అనేవని అప్పుడే రాసిపెట్టాడు. మనకిలాంటిది ఉందంటారా?

▸ ఎందుకు లేదండీ, 'కొంప' ఉందిగా! బికోల్‌లోనూ ఇల్లు 'హరొంగ్', కోపంలో 'లఙగ్'.

▸ కొంపది పూర్తిగా కోపం కాదేమో. 'కొంప మునిగింది' అన్నప్పుడు భయమే కదా. నాకు తోచినంతలో మన కోపం ఎక్కువగా క్రియల్లో ఉంది. తినడం మెక్కడమవుతుంది, మాట్లాడితే కూస్తున్నాడంటాం, రమ్మనడానికి 'వచ్చి తగలడు' అంటాం. ఇంత చేసీ అన్నాన్ని మాత్రం అన్నమనే అంటాం. వాళ్ళు బియ్యాన్నీ వదల్లేదు: 'బగస్'కి కోపం పేరు 'లస్గస్'.

▸ 'ఒరగోన్' సంగతి కూడా చెప్పండి. అది ఒకప్పుడు కాముకుణ్ణి అనే మాట. ఇప్పుడు బికోల్ వాళ్ళు దేనికీ వెనక్కి తగ్గని మనిషినని గర్వంగా చెప్పుకోవడానికి వాడతారు. అక్కడి నాగా నగరానికి చెందిన, ఫిలిప్పీన్స్ దేశపు మాజీ ఉపాధ్యక్షురాలు లెనీ రోబ్రెడో లాంటివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడూ వినిపిస్తుంది.

▸ అది తిట్టు పొగడ్త అయిన కథ, దానికి వేరే చర్చ పెట్టుకుందాం. ఇక్కడ నాకు నచ్చింది గేదె. మామూలుగా 'దములగ్', చేలో పడి మేస్తే 'గద్యా'. ఈ గద్యా ఎవరో కాదు, మన గజమే! సంస్కృతం నుంచి మలయ్‌లోకి 'గజా'గా వెళ్ళి, అక్కడినుంచి ఆ దీవులకు చేరింది. మామూలు వాడుకలో అక్కడా ఏనుగనే అర్థం.

▸ అయితే మనం 'దున్నపోతా' అని మనిషిని తిడితే, వాళ్ళు 'ఏనుగా' అని గేదెను తిడతారన్నమాట.