సూపర్నోవా అవశేషంలోని న్యూట్రాన్ తార: ఈ శిఖరాన్ని స్పందనగా నమ్మవచ్చా?

ప్రశ్న:
ఒక సూపర్నోవా అవశేషం (పేలిన తార మిగిల్చిన వాయు మేఘం) నడుమ ఉన్న ఎక్స్-రే బిందువును, అంటే పేలుడు తర్వాత మిగిలిన అతి సాంద్రమైన న్యూట్రాన్ తారను, ఎక్స్-రే అంతరిక్ష దూరదర్శిని ఎక్స్‌ఎంఎం-న్యూటన్ 50,000 సెకన్ల పాటు చూసిన పాత పరిశీలనలో స్పందనల (తార తిరుగుతుండగా క్రమం తప్పకుండా వచ్చే కాంతి హెచ్చుతగ్గుల) కోసం వెతుకుతున్నాను. దాని పీఎన్ కెమెరా స్మాల్ విండో పద్ధతిలో (చిన్న భాగాన్నే వేగంగా చదివే పద్ధతి) పనిచేసింది కనుక కాలస్పష్టత సుమారు 6 మిల్లీసెకన్లు. ఫోటాన్ల రాక వేళలను సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సవరించి, దొరికిన 10,000 ఫోటాన్లతో 80 హెర్ట్జ్ వరకు పవర్ స్పెక్ట్రం (ఏ పౌనఃపున్యంలో ఎంత హెచ్చుతగ్గు ఉందో చూపే గ్రాఫు) గీశాను. శబ్దం సగటు 2గా ఉండే ఆ లెక్కలో ఒకచోట 31 విలువ గల శిఖరం కనిపించింది. అంత ఎత్తు యాదృచ్ఛికంగా రావడానికి అవకాశం కోటిలో రెండు మాత్రమే. ఇది పల్సారేనని (స్పందించే న్యూట్రాన్ తారేనని) భావించవచ్చా?

సమాధానం 1:
మీరు చెప్పిన అవకాశం ఒక్క పౌనఃపున్యానికే వర్తిస్తుంది. కానీ మీరు చూసినవి 50,000ను 80తో గుణిస్తే వచ్చే 40 లక్షల స్వతంత్ర పౌనఃపున్యాలు కాబట్టి, స్పందన ఏమీ లేకపోయినా ఇలాంటి శిఖరం దాదాపు ఒకటి కనిపించడం సహజమే. మొత్తం అన్వేషణలో పొరపాటు అవకాశం ఒక శాతానికి తగ్గాలంటే శిఖరం 40 దాకా చేరాలి; సైన్ తరంగ రూపంలో ఉన్న స్పందన 10,000 ఫోటాన్లతో అంత ఎత్తుకు రావాలంటే దాని కంపన పరిమితి (సగటు నుంచి కాంతి పెరిగే, తగ్గే మేర) సగటు కాంతిలో సుమారు 9 శాతం ఉండాలి. అవశేషాల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది: ఫోటాన్లను ఏరడానికి బిందువు చుట్టూ మీరు గీసిన వృత్తంలోని ఫోటాన్లలో సగం చుట్టూ ఉన్న వేడి వాయువు నుంచి వచ్చినవైతే, తార సొంత కాంతిలో ఆ పరిమితి 18 శాతం కావాలి. ఆ వాటా ఎంతో తెలుసుకోవడానికి నాసా వారి చంద్ర ఎక్స్-రే దూరదర్శిని తీసిన స్పష్టమైన చిత్రం ఎంతో ఉపకరిస్తుంది, అయితే దాని ఏసీఐఎస్ కెమెరా మామూలుగా 3.2 సెకన్లకొక ఫ్రేము తీస్తుంది కనుక వేగవంతమైన స్పందనలు అందులో దొరకవు.

సమాధానం 2:
అన్ని శక్తుల ఫోటాన్లనూ కలిపి ఒక్కసారే వెతకవద్దని నా మనవి. పప్పిస్ ఎ అవశేషంలోని తార 112 మిల్లీసెకన్లకొకసారి తిరుగుతున్నా, 1.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు దిగువన కాంతి పెరిగే వేళ ఎగువన తగ్గుతుంది. తారకు రెండు వైపులా ఎదురెదురుగా ఉన్న వేడి మచ్చల ఉష్ణోగ్రతలు వేరు కావడమే అందుకు కారణం. రెండూ కలిపితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. గాట్‌హెల్ఫ్, హాల్పెర్న్ 2009లో పాత పరిశీలనల నుంచే ఆ స్పందనను బయటికి తీశారు. అయితే శక్తిని ఎక్కడ విడదీయాలో ఫలితం చూడకముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే ప్రతి కొత్త విభజనా ప్రయత్నాల సంఖ్యను పెంచుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అదే బిందువును ఏడాది తర్వాత చూసిన మరో పరిశీలన కూడా ఉంది. అందులో అదే పౌనఃపున్యం దగ్గర చూస్తే సరిపోతుందా?

సమాధానం 3:
సరిగ్గా అక్కడే చూస్తే నిజమైన పల్సార్‌ను కూడా జారవిడుచుకోవచ్చు, ఎందుకంటే యువ పల్సార్లు వేగంగా మందగిస్తాయి. క్రాబ్ అవశేషంలోని యువ పల్సార్ పౌనఃపున్యం ఏడాదికి సుమారు 0.012 హెర్ట్జ్ తగ్గుతుంది; 50,000 సెకన్ల పరిశీలన విడదీయగల అంతరానికి ఇది దాదాపు 600 రెట్లు. కనుక మీ శిఖరం నుంచి దిగువకు అంత మేర వెతకండి. అప్పుడు ప్రయత్నాలు కొన్ని వందలే కాబట్టి 22 దాటిన శిఖరాన్ని కూడా గట్టి ఆధారంగా తీసుకోవచ్చు. ఏమీ దొరకకపోతే, వెతికిన పౌనఃపున్యాల మేరను, గరిష్ఠ పరిమితిని తప్పక నమోదు చేయండి. చంద్ర దూరదర్శిని 1999లో చూపిన, కాసియోపియా ఎ అనే అవశేషం నడుమ ఉన్న తారలో స్పందనలు దొరకకపోవడాన్ని అందరూ అలా పదిలంగా నమోదు చేయబట్టే, దాని ఉపరితలమంతా ఒకే వేడితో ఉండి కార్బన్ వాతావరణం కలిగి ఉండవచ్చన్న 2009 నాటి ప్రతిపాదనకు బలం చేకూరింది.