నరీతాలో రాత్రి దిగితే ఆ రాత్రే టోక్యోలోకి వెళ్ళాలా, అక్కడే ఆగాలా?

కొత్తబాట:
నలుగురం, అందులో ఇద్దరు డెబ్బై దాటినవాళ్ళు. పెద్ద పెట్టెలు నాలుగు. శుక్రవారం రాత్రి 9.20కి నరీతా టెర్మినల్ 3లో దిగుతాం. హోటల్ టోక్యోలోని షింజుకులో, మొదటి రాత్రికి కూడా డబ్బు కట్టేశాం. ఆ రాత్రే వెళ్ళిపోవడమా, ఎయిర్‌పోర్టు దగ్గరే పడుకుని పొద్దున బయల్దేరడమా? జపనీస్ ఒక్క ముక్క రాదు.

పట్టాలు:
వెళ్ళిపోండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. ఎయిర్‌పోర్టు నుంచి టోక్యోకి పోయే స్కైలైనర్ రైలు ఎక్కితే నిప్పోరి స్టేషన్‌కి నలభై నిమిషాల లోపే. అక్కడ అదే స్టేషన్లో యమనోతే లైనుకి మారి, ఇకెబుకురో వైపు వెళ్ళే బండి ఎక్కితే ఇరవై నిమిషాల్లో షింజుకు. ఎయిర్‌పోర్టు స్టేషన్లో తలో సూయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే రైలు కార్డు) తీసుకుంటే చాలు, గేటుకి తాకించి నడిచిపోవడమే. కట్టిన గది వదులుకుని ఇంకో గదికి కట్టడం దండగ.

గుడ్లగూబ:
టెర్మినల్ 3 అన్న మాట చదివారా? టెర్మినల్ 3కి రైల్వే స్టేషనే లేదు. టెర్మినల్ 2 దాకా నడవాలి, లేదా షటిల్ బస్సు కోసం నిలబడాలి. లెక్క చూడండి: 9.20కి చక్రాలు నేలను తాకాయి అనుకుందాం. గేటు, ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ కలిపి గంట పైనే పెట్టుకోవాలి, అప్పటికి 10.30. పెద్దవాళ్ళతో, పెట్టెలతో స్టేషన్‌కి చేరేసరికి 10.50. షింజుకుకి నేరుగా పోయే నరీతా ఎక్స్‌ప్రెస్ ఆఖరి బండి పది లోపే వెళ్ళిపోతుంది. స్కైలైనర్ ఆఖరిది పదకొండు ప్రాంతంలో. విమానం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే మీ నలభై నిమిషాల లెక్కకి అర్థం లేదు.

పైగా సూయికా ఉంటే చాలు అన్నారు. చాలదు. స్కైలైనర్లో అన్నీ రిజర్వుడు సీట్లే. మామూలు చార్జీ వేరు, దాని మీద లైనర్ టికెట్ వేరు.

పట్టాలు:
గేటుకి సూయికా సరిపోతుంది అన్నాను. సరిపోతుందా లేదా?

గుడ్లగూబ:
గేటు తెరుచుకుంటుంది. ఇబ్బందే అది. గేటు తెరుచుకుంది కదా అని లోపలికి వెళ్తారు, ఎదురుగా ఉన్న బండి ఎక్కేస్తారు, లోపల టికెట్ అడిగితే బిక్కమొహం వేస్తారు. ముందే కౌంటర్లోనో మెషీన్లోనో సీటు టికెట్ కొనాలి.

పట్టాలు:
స్కైలైనర్ అంటేనే లైనర్ టికెట్ ఉంటుందని ఎవరికైనా తెలుసు. అది కూడా విడమరచి చెప్పాలా?

మిణుగురు:
చెప్పాలండీ. అడిగినవాళ్ళు మొదటిసారి వెళ్తున్నారు.

చిల్లర:
ఇంకో మాట. సూయికాలో డబ్బు వేయడానికి స్టేషన్ మెషీన్లు చాలావరకు నగదే అడుగుతాయి. కాబట్టి ముందు ఏటీఎం దగ్గరికి వెళ్ళి యెన్లు తీసుకోండి. సెవెన్-ఎలెవెన్ ఏటీఎంలలో విదేశీ కార్డులు పనిచేస్తాయి. 10,000 నోట్లతోనే తిరగకండి. సిటీ బస్సులో చిల్లర మార్చే మెషీన్ 1,000 నోటు మాత్రమే మింగుతుంది. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, పాత టికెట్ మెషీన్లలో కొన్ని వాటిని బయటికే ఉమ్మేస్తాయి.

ఫోన్లో సూయికా పెట్టుకుందాం అనుకుంటే ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో కుదురుతుంది. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో దాదాపుగా కుదరదు.

పట్టాలు:
అసలు ప్రశ్నకి వద్దాం. స్కైలైనర్ దొరికితే ఏ గొడవా లేదు. 11.40కి నిప్పోరి, 12.10కి షింజుకు. యమనోతే అర్ధరాత్రి దాటాక కూడా నడుస్తుంది.

గుడ్లగూబ:
నడుస్తుంది, ఎందాకా నడుస్తుందో కూడా చెప్పండి. యమనోతే గుండ్రంగా తిరిగే లైనే అయినా ఆఖరి బళ్ళు చుట్టు పూర్తి చేయవు. ఇకెబుకురోలోనే ఆగిపోయేవి ఉంటాయి, అంటే షింజుకుకి ముందే దింపేస్తాయి. అక్కణ్ణుంచి టాక్సీ. రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా మీటరు మీద 20 శాతం అదనం. నలుగురికీ నాలుగు పెద్ద పెట్టెలకీ ఒక మామూలు టాక్సీ చాలదు, రెండు పిలవాలి. స్కైలైనరే తప్పిపోతే? ఆ వేళ మామూలు బళ్ళలో కొన్ని టోక్యో దాకా రాకుండానే ఆగిపోతాయి. నరీతా నుంచి షింజుకుకి టాక్సీ అంటే 20,000 యెన్లకు పైమాటే.

అన్నీ కలిసొచ్చి షింజుకు చేరినా స్టేషన్‌కి 200 పైచిలుకు ద్వారాలు, అన్నిటికీ లిఫ్టు లేదు. అర్ధరాత్రి తప్పు ద్వారంలోంచి పైకొస్తే పెట్టెలతో మెట్లే దిక్కు.

పట్టాలు:
ఇక్కడ ప్రతి చర్చనీ ఇలా భయాలతో నింపుతారు మీరు. పోయిన నెల టోక్యో రెండో ఎయిర్‌పోర్టు హనేడా నుంచి వెళ్ళే దారి నేను రాస్తే దాని కింద కూడా ఇంతే, నలభై హెచ్చరికలు పెట్టారు. చివరికి అడిగినావిడ ప్యాకేజీ టూరుకి డబ్బు కట్టేసింది. సొంతంగా వెళ్ళగలిగిన మనిషిని ఏజెంటు చేతిలో పెట్టారు.

గుడ్లగూబ:
మీరు రాసేది టైంటేబుల్ చదవగలిగినవాడికి. ఏదీ తప్పని రోజుకి. బండి తప్పాక ఏం చేయాలో మీ జవాబుల్లో ఒక్కదాంట్లోనూ ఉండదు.

పట్టాలు:
బండి తప్పితే అక్కడ ఆలోచిస్తారు! నలుగురు పెద్ద మనుషులు, చిన్నపిల్లలు కారు. దారి చూపిస్తే నడుస్తారని నమ్ముతాను నేను. మీరు నమ్మరు. అంతే తేడా.

గుడ్లగూబ:
నమ్మకం మనుషుల మీద ఉంది. రాత్రి పదకొండింటి బండి మీద లేదు.

మిణుగురు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. కొత్తబాట గారూ, మొదటి రాత్రి వెళ్ళకపోతే ముందే హోటల్‌కి మెయిల్ పెట్టి 'రేపు వస్తాం, బుకింగ్ ఉంచండి' అని జవాబు రాబట్టండి. చెప్పకుండా ఆగితే రాలేదని రాసేసి మొత్తం బుకింగే కొట్టేసే హోటళ్ళు ఉన్నాయి. ఆ రాత్రే వెళ్ళేటట్టయితే రిసెప్షన్ ఎన్నింటిదాకా ఉంటుందో అడగండి. చిన్న హోటళ్ళలో అర్ధరాత్రి తర్వాత తలుపు తీసేవాళ్ళుండరు.

గుడ్లగూబ:
ఇది నేను చెప్పాల్సింది. ఆగేటట్టయితే నరీతా ఊళ్ళో హోటళ్ళు చాలావాటికి ఎయిర్‌పోర్టు నుంచి సొంత షటిల్ బస్సు ఉంటుంది, ఆఖరి బస్సు వేళ కనుక్కుని బుక్ చేయండి. టెర్మినల్ 2 దగ్గర క్యాప్సూల్ హోటల్ (మనిషి పట్టేంత గూళ్ళలో పడుకునేది) ఉంది గానీ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరు వేరు, ఆ పెద్దవాళ్ళతో వద్దు. పొద్దున పెట్టెల్లో మూడు ఎయిర్‌పోర్టు కౌంటర్లో తక్యూబిన్‌కి, అంటే సామాను చేరవేసే సర్వీసుకి, ఇచ్చేయండి, మామూలుగా మర్నాటికి హోటల్‌కి చేరతాయి. ఒక రాత్రి బట్టలు చేతిలో ఉంచుకోండి. శనివారం కాబట్టి ఆఫీసు రద్దీ ఉండదు, నరీతా ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా షింజుకు.

పట్టాలు:
శనివారం కాబట్టి సరే. అదే సోమవారమైతే పొద్దున ఎనిమిదింటికి యమనోతేలో పెట్టెతో ఎక్కి చూడమనండి.

కొత్తబాట:
అందరికీ థాంక్స్. ఆగుతున్నాం, హోటల్‌కి మెయిల్ పెట్టాను. వెల్‌కమ్ సూయికా, అదే టూరిస్టులకి ఇచ్చే కార్డు, తీసుకోవచ్చా? 28 రోజుల తర్వాత చెల్లదట కదా?

గుడ్లగూబ:
తీసుకోండి, 500 యెన్ల డిపాజిట్ ఉండదు. మిగిలిన డబ్బు మాత్రం వాపసు ఇవ్వరు, కొద్దికొద్దిగా వేసుకోండి. సూయికా గడువు అంతే.

పట్టాలు:
28 రోజులు వెల్‌కమ్ సూయికాకి. మామూలు సూయికా చివరిసారి వాడినప్పటి నుంచి 10 ఏళ్ళు పనిచేస్తుంది. విడమరచి చెప్పాలి అన్నది మీరే.