నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషన్‌లో మెట్లు ఎక్కకుండా బయటికి రావచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. వచ్చే వారం హైదరాబాద్‌లోని లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కించి నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. ఆటోలో గుంతల కుదుపులు ఆమె తట్టుకోలేదు. 2003 నుంచీ నడుస్తున్న ఈ రైళ్లే మాకు పెద్ద ఆసరా.

బేగంపేట, ఫతేనగర్‌ల మధ్య ఉన్న ఆ చిన్న స్టేషన్‌లో నేనెప్పుడూ దిగలేదు. లింగంపల్లి నుంచి వచ్చే రైలు ఆగే ప్లాట్‌ఫాం మీది నుంచి ఆసుపత్రి వైపుకు వంతెన ఎక్కకుండా దారి ఉందా? వాలుబాట అయితే కర్ర ఊతంతో నెమ్మదిగా నడుస్తుంది, మెట్లయితే నాలుగైదుకే కూర్చుండిపోతుంది. పట్టాలు దాటించడానికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను.

తిరుగు రైలు వచ్చేదాకా కూర్చోవడానికి నీడలో బల్లలు, మహిళలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయా? రోజూ అక్కడ ఎక్కి దిగేవారు దయచేసి చెప్పండి. బేగంపేటలో దిగడమే మేలనిపిస్తే అదీ చెప్పండి.